ఇంటి కుర్రాడే నేటి కరణం

పత్తికొండ: వంటగ్యాస్ బుక్ చేయాలన్నా, పొలం అడంగల్ చూడాలన్నా, మదనపల్లె మార్కెట్లో టమాటా ఏ ధర పలుకుతోందో తెలుసుకోవాలన్నా, గుంతకల్లులో ఎక్కవలసిన రైలుకు బెర్తు ఖరారైందో లేదో చూడాలన్నా పత్తికొండలో పెద్దలు ఇప్పుడు కార్యాలయాలకు బయలుదేరరు. ముందుగా ఇంట్లోని పిల్లవాణ్ని పిలుస్తారు. చదువుకుంటున్న కొడుకు, కూతురు, మనవడు ఎవరైతేనేం, వారి చేతిలోని సెల్‌ఫోనే ఆ ఇంటికి రెవెన్యూ కార్యాలయం, బ్యాంకు, తపాలా కార్యాలయం, మార్కెట్ యార్డు అయింది. యువత సెల్‌ఫోనుతో కాలం వృథా చేస్తోందన్న ఫిర్యాదు ప్రతి ఇంటా వినిపించేదే. అదే సమయంలో ఆ ఇంటి పనులన్నీ ఆ ఫోను మీదనే నడుస్తున్నాయన్న విషయం మాత్రం అంతగా చర్చకు రావడం లేదు. ఈ మార్పు పట్టణానికి ఏం తెచ్చిపెట్టింది, ఏ కొత్త చిక్కులను వెంట తెచ్చింది అన్నది పరిశీలించదగిన అంశం.

రాజుకుల నుంచి కరణాల దాకా

ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య చదివి చెప్పే మనిషి ఒకరుండటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పత్తికొండ నుంచి గుత్తి వెళ్లే దారిలో తుగ్గలి మండలంలోని ఎర్రగుడి వద్ద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దికి చెందిన అశోకుని శాసనాలు బండలపై నేటికీ ఉన్నాయి. రాజాజ్ఞను రాజుకులనే అధికారులకు తెలపాలని, వారు దానిని జనపదంలోని ప్రజలకు చాటాలని అందులోని ఒక లఘు శాసనం ఆదేశిస్తుంది. అంటే రాయి మీద చెక్కిన అక్షరం సామాన్యునికి చేరడానికి నాడే ఒక నోరు అవసరమైంది.

దత్తమండలాలు 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన తరువాత వాటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన సర్ థామస్ మన్రో రైత్వారీ విధానాన్ని ఇక్కడ పాదుకొల్పారు. శిస్తు విషయంలో ప్రభుత్వానికీ రైతుకూ నడుమ జమీందారు వంటి మధ్యవర్తి ఉండరాదన్నది ఆ విధానంలోని మూలసూత్రం. ఆ తరువాత మద్రాసు గవర్నరు హోదాలో ఈ ప్రాంతంలో పర్యటిస్తూ మన్రో కలరా సోకి 1827 జులై 6న పత్తికొండలోనే కన్నుమూశారు. జమీందారు లేకపోయినా మధ్యవర్తి మాత్రం మిగిలే ఉన్నాడు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణముందో, ఎవరి పేరున ఉందో, ఎంత శిస్తు బకాయి పడిందో రాసి ఉన్న లెక్కల పుస్తకం కరణం చేతిలో ఉండేది. అది చదవడం రైతుకు రాదు. అందువల్ల కరణం చెప్పిందే లెక్క అయింది.

1984లో నాటి ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. లెక్కలు మండల కార్యాలయాలకు చేరి, కాలక్రమేణా కంప్యూటర్లకు ఎక్కాయి. ఇప్పుడు ఆ పుస్తకం ఎవరైనా తెరవగలిగేలా అంతర్జాలంలో ఉంది. అయితే కర్నూలు జిల్లా అక్షరాస్యత 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 60 శాతం మాత్రమే. జిల్లా పశ్చిమ ప్రాంతంలోని పల్లెల నుంచి వచ్చే రైతులు, కూలీలు, వృద్ధుల్లో చాలామందికి ఆ తెరపై ఏముందో చదివి చెప్పే మనిషి నేటికీ కావాలి. ఆ స్థానంలోకి ఇంటి కుర్రాడు వచ్చాడు.

కేంద్రం నుంచి చేతిలోకి

ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలో కంప్యూటర్లు ప్రవేశించాయి. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలయ్యాయి. ఆ దశకంలో తాలూకా కేంద్రాల్లో యువకులే నడిపే ఇంటర్నెట్ కేంద్రాలు వెలిశాయి. పదో తరగతి, ఇంటర్మీడియెట్, ఎంసెట్ ఫలితాలు వెలువడే రోజున ఆ చిన్న గదుల ముందు విద్యార్థులు, తల్లిదండ్రులు బారులు తీరేవారు. హాల్‌టికెట్ నంబరు చీటీ మీద రాసిస్తే లోపలి కుర్రాడు ఫలితాన్ని అచ్చు తీసి ఇచ్చేవాడు. పట్టణ ప్రజలకు ఇంటర్నెట్‌తో తొలి పరిచయం అలా జరిగింది.

2011 నవంబరులో మీ-సేవ ప్రారంభమైంది. ధ్రువీకరణ పత్రాల కోసం కార్యాలయం చుట్టూ తిరిగే బదులు రుసుము చెల్లించి కేంద్రంలో తీసుకునే వీలు కలిగింది. 2015లో మీ భూమి వెబ్‌సైటు ద్వారా అడంగల్, 1-బి నకళ్లను ఎవరైనా చూసుకునే అవకాశం వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ అమలులోకి వచ్చింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరిట వాట్సాప్ ద్వారా పౌరసేవలను రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది.

వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. సేవ మొదట జిల్లా కేంద్రంలో ఉండేది. తరువాత మండల కేంద్రానికి, ఆపైన ఊరికి, చివరకు చేతిలోని ఫోనుకు చేరింది. దూరం తగ్గిన ప్రతిసారీ పని చేసిపెట్టే బాధ్యత ప్రభుత్వ సిబ్బంది నుంచి క్రమంగా ఇంటివారి మీదకు జరిగింది. మీ-సేవ కేంద్రంలో ఆపరేటరుకు జీతమో కమీషనో ఉంటుంది, ఇచ్చిన పత్రానికి రసీదు ఉంటుంది. ఇంట్లో అదే పని చేసే విద్యార్థికి అవేమీ లేవు.

2016 సంవత్సరం ఈ కథలో కీలకమైనది. ఆ ఏప్రిల్‌లో యూపీఐ విధానం రూపుదిద్దుకుంది. సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చౌకగా డేటా, చేతిలో లేని నగదు, కొత్తగా వచ్చిన చెల్లింపు విధానం ఈ మూడూ కొద్ది నెలల వ్యవధిలో కలిశాయి. పట్టణాల్లో యువకుల ఫోను కాలక్షేపం నుంచి అవసరంగా మారింది అప్పుడే.

ధర తెలుస్తుంది, సరుకు ఆగదు

పత్తికొండ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది టమాటా. పత్తికొండతోపాటు తుగ్గలి, మద్దికెర, దేవనకొండ, ఆస్పరి మండలాల నుంచి పంట ఇక్కడి మార్కెట్‌కు చేరుతుంది. ధర లేనప్పుడు కిలో రూపాయికి కూడా అడిగేవారు లేక రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు అనేకం. 2023 జులైలో దేశవ్యాప్తంగా కిలో వంద రూపాయలు దాటిన సందర్భమూ ఉంది.

గతంలో రైతు గంపలు దించిన తరువాత గానీ ఆనాటి ధర తెలిసేది కాదు. మండీ వ్యాపారి చెప్పిన మాటే ఆధారం. ఇప్పుడు తెల్లవారే సరికి మదనపల్లె, కోలారు మార్కెట్ల ధరలు యువరైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తున్నాయి. ఏ లారీ ఎటు వెళుతోందో, ఏ రాష్ట్రంలో వానలు పడి పంట దెబ్బతిన్నదో కూడా తెలుస్తోంది. డిగ్రీ చదివి సేద్యంలోకి వచ్చిన కొడుకు ఫోను చూసి కోత రేపటికి వాయిదా వేద్దామంటే తండ్రి ఆలోచించే పరిస్థితి వచ్చింది.

సమాచారం వల్ల ఎంత మేలు జరుగుతుందన్న దానిపై ప్రపంచమంతా తరచూ ఉదహరించే అధ్యయనం మన పొరుగునే జరిగింది. ఉత్తర కేరళ తీరంలో 1997 - 2001 మధ్య సెల్‌ఫోన్లు వ్యాపించిన తీరును రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త పరిశీలించి 2007లో ఫలితాలను ప్రకటించారు. మత్స్యకారులు సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర ఉందో ఫోనులో విచారించి అక్కడికే పడవను మళ్లించసాగారు. అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరగగా, వినియోగదారుకు ధర 4 శాతం తగ్గింది.

మరి పత్తికొండ టమాటాకు అదే మేలు ఎందుకు పూర్తిగా జరగడం లేదన్నది ప్రశ్న. కారణం సులభంగానే గ్రహించవచ్చు. పడవ తిరిగినంత సులువుగా టమాటా లారీ తిరగదు. మదనపల్లెలో ధర ఉందని తెలిసినా అక్కడికి చేర్చే కిరాయి చిన్న రైతు భరించలేడు. కోసిన కాయ వేసవిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. శీతల గిడ్డంగి, టమాటా శుద్ధి పరిశ్రమ కావాలన్న ఈ ప్రాంత రైతుల డిమాండు దశాబ్దాల నాటిది. దీనికితోడు అందరికీ ఒకే సమాచారం ఒకేసారి అందడం వల్ల ధర పెరిగిందన్న కబురు రాగానే అందరూ ఒకేరోజు కోతలకు దిగి మార్కెట్‌ను ముంచెత్తే ప్రమాదమూ ఉంది. ఫోను ధరను చెప్పగలదు గానీ సరుకును ఆపలేదు. వ్యాపారి మరీ తక్కువ ధర చెప్పినప్పుడు పక్క మార్కెట్ ధర చూపి బేరమాడే ధైర్యం రైతుకు వచ్చింది. అంతవరకు లాభం నిజమే.

దుకాణం తండ్రిది, ఖాతా కొడుకుది

బస్టాండు పరిసరాల్లోని టీ బంకులు, పూల అంగళ్లు, తోపుడుబండ్లు ఎక్కడ చూసినా క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తుంది. సొమ్ము జమ కాగానే పెట్టెలోంచి తెలుగులో వినిపించే ప్రకటన సంత గోలలో కలిసిపోయింది. దేశం మొత్తం మీద 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో 2000 కోట్ల సంఖ్యను దాటాయి. చిల్లర సమస్య తీరడం, గల్లాపెట్టెలో సొమ్ము పోతుందన్న భయం తగ్గడం, బ్యాంకులో జమల లెక్క కనిపించడం వల్ల చిరు వ్యాపారికి రుణం పుట్టే అవకాశం కలగడం వంటివి దీని ప్రయోజనాలు.

కానీ చదువు లేని వ్యాపారి దుకాణంలో ఆ అట్ట వెనుక ఉన్న ఖాతా ఎవరిదన్నది గమనించవలసిన సంగతి. యూపీఐ నడవాలంటే బ్యాంకు ఖాతాకు అనుసంధానమైన ఫోను నంబరు, ఆ నంబరు ఉన్న స్మార్ట్‌ఫోను ఉండాలి. తండ్రి దగ్గర బటన్ల ఫోను మాత్రమే ఉన్న ఇళ్లలో కొడుకు పేరున ఖాతా తెరిచి, అతని నంబరుతోనే అట్ట తెచ్చుకోవడం సహజంగా జరిగిపోతోంది. రోజంతా ఎండలో నిలబడి అమ్మేది తండ్రి, సొమ్ము చేరేది కొడుకు ఖాతాకు. సఖ్యత ఉన్న ఇంట ఇందులో ఇబ్బంది లేదు. కొడుకు ఉద్యోగరీత్యా వేరే ఊరికి వెళ్లినా, అప్పుల పాలైనా, ఇంట్లో మనస్పర్థలు వచ్చినా ఆ వ్యాపారికి తన రాబడిపై తనకే అధికారం లేని పరిస్థితి ఎదురవుతుంది. స్మార్ట్‌ఫోను లేనివారు సైతం యూపీఐ వాడుకునేలా 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు 123పే అనే సదుపాయాన్ని ప్రారంభించింది. దానిని వాడేవారు మాత్రం అరుదు.

తొలకరి వస్తే వీడియోల జాతర

యువత ఫోను వాడకం పట్టణ జీవనాన్ని ఎంతగా కదిలించగలదో చెప్పడానికి వజ్రాల వేట చక్కని ఉదాహరణ. తొలకరి జల్లులకు నేల కడుక్కుపోగానే తుగ్గలి మండలం జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర మండలం పెరవలి పరిసరాల పొలాల్లో వజ్రాలు వెదకడం తరతరాలుగా సాగుతున్నదే. ఒకప్పుడు చుట్టుపక్కల గ్రామాల వారికే పరిమితమైన ఈ వేటకు ఇప్పుడు ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం తరలివస్తున్నారు. పొలంలో నిలబడి తీసిన వీడియోలు యూట్యూబ్‌లో, ఇతర మాధ్యమాల్లో వ్యాపించడం దీనికి ఒక ముఖ్య కారణం.

ఆ కొద్ది వారాలు ఈ ప్రాంతంలో ఆటోలకు, హోటళ్లకు గిరాకీ పెరుగుతుంది. మరోవైపు విత్తనం వేయవలసిన పొలాల్లో జనం తొక్కిడితో రైతులు నష్టపోతున్నారు. వీడియోల్లో కనిపించేది దొరికిన ఒక్కరి ముఖమే. దొరకని వేలమంది అందులో ఉండరు. అప్పు చేసి వచ్చి రోజుల తరబడి ఎండలో వెదికి ఉత్తచేతులతో తిరిగివెళ్లేవారి గురించి వీడియో తీస్తే చూసేవారు తక్కువ. ఎక్కువమంది చూసే వీడియోలనే ముందుకు నెట్టడం ఆ మాధ్యమాల పనితీరు. కనుక తీసే కుర్రాళ్లను మాత్రమే తప్పుపట్టి ప్రయోజనం లేదు.

ఇదే ఫోనుతో మరోరకం ప్రయోజనమూ సిద్ధిస్తోంది. రోడ్డుపై పారబోసిన టమాటా, నీరులేని కుళాయి, గుంతలు పడిన రహదారి దృశ్యాలు గంటల్లోనే రాష్ట్ర రాజధాని దాకా చేరుతున్నాయి. ఉద్యోగ పరీక్షల విషయంలోనూ మార్పు వచ్చింది. బ్యాంకు ఉద్యోగాల శిక్షణకు నంద్యాల, ఇతర పోటీ పరీక్షలకు హైదరాబాదు వెళ్లి గది అద్దెకు తీసుకోవలసిన అవసరం కొంత తగ్గింది. ఇంటి వద్దనే ఉండి ఫోనులో పాఠాలు వింటూ చదువుకునే నిరుద్యోగుల సంఖ్య పెరిగింది. ముఖ్యంగా దూర ప్రాంతాలకు పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడే అమ్మాయిలకు ఇది ఉపకరించింది.

ఫోను వలస వెళితే

ఈ ఏర్పాటులోని బలహీనత వలసల కాలంలో బయటపడుతుంది. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయం, పత్తికొండ ప్రాంతాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు పత్తి, మిరప కోతల కోసం గుంటూరు వైపు, తెలంగాణకు, నిర్మాణ పనుల కోసం బెంగళూరుకు తరలివెళ్లడం తెలిసిందే. చదువుకున్న యువకులు సైతం ఉద్యోగాల కోసం బెంగళూరు, హైదరాబాదు బాట పడుతున్నారు. ఇంట్లో ముసలివారు మిగులుతారు. ఫోను మాత్రం కుర్రాడితోపాటు వెళ్లిపోతుంది.

ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, గ్యాస్ కనెక్షనుకు అనుసంధానమైన నంబరు అతనిదే అయినప్పుడు ప్రతి చిన్న పనికీ అవసరమయ్యే ఓటీపీ అక్కడికే వెళుతుంది. ఇక్కడ కార్యాలయంలో ముసలితల్లి నిలబడి ఉంటుంది. అక్కడ కొడుకు పనిలో ఉండి ఫోను ఎత్తడు. ఓటీపీ గడువు కొద్ది నిమిషాలే కనుక పని మరుసటి రోజుకు వాయిదా పడుతుంది. నంబరు మార్చి కొత్త సిమ్ తీసుకున్న కుర్రాళ్లు పాత నంబరును ఆధార్‌లో, బ్యాంకులో మార్పించడం మరచిపోతే చిక్కు మరింత పెరుగుతుంది. రీఛార్జి చేయక వదిలేసిన నంబరు రద్దయి, కొంతకాలానికి వేరొకరికి కేటాయింపు అవుతుంది. అప్పుడు ఇంటి సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనుకు చేరతాయి.

మరో చిక్కు ఆధార్ ఆధారిత చెల్లింపులకు సంబంధించినది. పలు పథకాల సొమ్ము ఆధార్ సంఖ్యతో చివరగా అనుసంధానమైన ఖాతాకే జమ అవుతుంది. సచివాలయాల్లో ఎన్‌పీసీఐ లింకు అని వ్యవహరించేది దీనినే. ఏదో యాప్‌లో రాయితీ వస్తుందనో, సిమ్ కొన్నప్పుడో తల్లి పేరున మరో ఖాతా తెరిచి అనుసంధానానికి అంగీకారం తెలిపితే ఆమెకు తెలియకుండానే సొమ్ము దారి మళ్లుతుంది. పాత పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగే వృద్ధులకు సొమ్ము రాలేదన్నదే తెలుస్తుంది. వేరే ఖాతాలో పడిందన్నది తెలియదు. ఇందులో చాలా సందర్భాల్లో దురుద్దేశం ఉండదు. తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్నకూ చదవకుండా అవునని నొక్కడమే కారణం.

సాంకేతికత వలస కుటుంబాలకు మేలు చేసిన సందర్భాలనూ విస్మరించరాదు. 2019 ఆగస్టులో ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య తొలుత సరుకులు తీసుకునే వీలు కలిగింది. వేలిముద్రతో పనిచేసే ఆ విధానంలో ఫోను అవసరం లేదు, కుర్రాడి తోడూ అవసరం లేదు. లబ్ధిదారు స్వయంగా వెళితే చాలు. మనిషి తన వెంట తీసుకుపోగల హక్కుకు, ఇంకొకరి ఫోనులో చిక్కుకున్న హక్కుకు గల తేడా ఇక్కడ తేటతెల్లమవుతుంది.

అన్న ఫోను, చెల్లెలి చదువు

యువత అన్నప్పుడు అందరినీ ఒకే గాటన కట్టలేం. 2019-20లో రాష్ట్రంలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 48.8 శాతం కాగా, మహిళలు 21 శాతం మాత్రమే. అప్పటి నుంచి వాడకం పెరిగినా అంతరం మాసిపోలేదు. 14 - 18 ఏళ్ల వయసు వారిపై దేశంలోని 28 జిల్లాల్లో జరిపిన అసర్ 2023 సర్వేలో సుమారు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నట్లు తేలింది. ఫోను వాడటం తెలిసినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం.

ఇంట్లో ఒకే ఫోను ఉన్నప్పుడు అది ఎవరి చేతికి ముందు వెళుతుందన్నది చెప్పనక్కరలేదు. అమ్మాయి ఫోను పట్టుకుంటే అనుమానం, అబ్బాయి పట్టుకుంటే అవసరం అన్న ధోరణి ఇంకా పోలేదు. ఫలితంగా స్కాలర్‌షిప్ దరఖాస్తు, కళాశాల ప్రవేశం, వెబ్ ఆప్షన్ల నమోదు వంటి తన భవిష్యత్తును తేల్చే పనులకు సైతం అమ్మాయి అన్న మీదనో, ఇంటర్నెట్ కేంద్రం నిర్వాహకుని మీదనో ఆధారపడుతోంది. వెబ్ ఆప్షన్లలో ఏ కళాశాలను ఏ వరుసలో పెట్టారన్నది ఆమెకు తెలియకపోతే సీటు ఎక్కడ వచ్చినా చేరక తప్పదు.

తెలిసినవారే మోసపోతున్న తీరు

సైబర్ మోసాలకు వృద్ధులే గురవుతారన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. ఫోను బాగా తెలుసన్న నమ్మకమే యువకులను ఉచ్చులోకి లాగుతున్న సందర్భాలు ఎక్కువ. తక్షణ రుణాల పేరిట యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫొటోలు సేకరించి బంధుమిత్రులకు సందేశాలు పంపి వేధించిన ఉదంతాలు 2020 చివరలో రెండు తెలుగు రాష్ట్రాలనూ కలచివేశాయి. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించగా, కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా చట్టం తెచ్చింది. అయినప్పటికీ విదేశాల నుంచి నడిచే యాప్‌ల ద్వారా క్రికెట్ పందేలు చాటుగా సాగుతూనే ఉన్నాయి.

ఇటీవలి కాలంలో మరింత ప్రమాదకరమైనది ఖాతాల అద్దె వ్యవహారం. కొంత సొమ్ము ఆశ చూపి విద్యార్థుల బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్‌లను తీసుకుని మోసగాళ్లు కాజేసిన డబ్బును వాటి గుండా మళ్లిస్తారు. కేసు నమోదైనప్పుడు పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా ఉంటే అది స్తంభించి ఇంటి ఖర్చులకు సైతం సొమ్ము అందదు.

వ్యవసాయ పథకం పేరుతోనో, వాహన జరిమానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవడం వల్ల ఫోనే పరాధీనమవుతుంది. చట్టంలో లేని డిజిటల్ అరెస్టు పేరిట బెదిరింపులూ సాగుతున్నాయి. సొమ్ము స్వీకరించడానికి పిన్ నంబరు ఎన్నడూ అవసరం లేదన్న ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ తెలిస్తే అనేక మోసాలు ఆగిపోతాయి. సొమ్ము పోయినట్లు గమనించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ డబ్బు ఇతర ఖాతాలకు మళ్లకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అవకాశం అంత సన్నగిల్లుతుంది.

ఇంటికొకరు చాలరు

గ్రామీణ ప్రజలకు డిజిటల్ విద్య నేర్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌ను ఆమోదించింది. 6 కోట్ల కుటుంబాలకు కుటుంబానికి ఒకరి చొప్పున శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 మార్చి 31న పథకం ముగిసేనాటికి 6.39 కోట్ల మందికి శిక్షణ పూర్తయింది. లక్ష్యం నెరవేరినట్లే. అయితే ఇంటికి ఒకరన్న ఆ లెక్కలోనే సమస్య దాగి ఉంది. ఇంటికి ఒక్కరికే తెలిసినప్పుడు మిగిలినవారు ఆ ఒక్కరి మీద ఆధారపడక తప్పదు. ఒకనాడు ఊరికొక కరణం ఉండేవాడు, ఇప్పుడు ఇంటికొక కరణం ఉన్నాడు. నాటి కరణానికి పై అధికారి తనిఖీ అయినా ఉండేది.

ఇందుకు పరిష్కారం యువత చేతిలోని ఫోనును లాక్కోవడం కాదు. కొన్ని చిన్న జాగ్రత్తలు ప్రతి ఇంటా పాటించవచ్చు. తల్లిదండ్రుల ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు వారి వద్దనే ఉండే ఫోను నంబరు అనుసంధానమై ఉండాలి. బటన్ల ఫోనుకు కూడా ఓటీపీ వస్తుంది కనుక స్మార్ట్‌ఫోను లేదన్నది అడ్డంకి కాదు. నంబరు పాతదైతే ఆధార్ నమోదు కేంద్రంలో, బ్యాంకు శాఖలో మార్పించుకోవాలి. తమ పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకుని, తమవి కానివాటిపై ఫిర్యాదు చేయవచ్చు. కుర్రాడు ఊరు విడిచి వెళ్లేముందు ఏ ఖాతాకు ఏ నంబరు ఉందో, ఏ దరఖాస్తు ఏ దశలో ఉందో ఒక నోటు పుస్తకంలో రాసి ఇంట్లో ఉంచాలి. పిన్ నంబరును మాత్రం అందులో రాయరాదు. అమ్మానాన్నల తరఫున చేసిన ప్రతి పనికీ వచ్చిన దరఖాస్తు సంఖ్యను వారికి చదివి వినిపించాలి.

కార్యాలయాల వంతు బాధ్యత కూడా ఉంది. ఫోనులో అన్నీ ఉన్నాయన్న కారణంతో కౌంటరును మూసివేయరాదు. ఓటీపీ అందనివారికి వేలిముద్ర లేదా కనుపాపతో పని పూర్తిచేసే మార్గం తెరిచి ఉంచాలి. పాఠశాలల్లో, కళాశాలల్లో విద్యార్థులకు యాప్ వాడకం నేర్పనవసరం లేదు, అది వారికి తెలుసు. ఇంకొకరి సొమ్మును, సమాచారాన్ని చేతిలో పెట్టుకున్నవాడి బాధ్యత ఏమిటో నేర్పాలి. శాఖా గ్రంథాలయంలోనో, సచివాలయంలోనో వారానికి ఒక పూట విద్యార్థుల చేత పెద్దలకు నేర్పించే ఏర్పాటు చేయడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు.

2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన పత్తికొండకు చుట్టుపక్కల మండలాల ప్రజల రాకపోకలు అధికమయ్యాయి. కార్యాలయాలు దగ్గరయ్యాయి, సేవలు చేతికే వచ్చాయి. ఇక మిగిలింది, తన పేరున ఉన్న భూమిని, సొమ్మును, హక్కును ఇంకొకరిని పిలవకుండా తానే చూసుకోగల స్థితికి ప్రతి పెద్దమనిషినీ చేర్చడం. ఆ పని నేర్పగలిగినవారు ఎక్కడో లేరు, ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అమ్మకు గ్యాస్ బుక్ చేసి ఇవ్వడానికి కుర్రాడికి నిమిషం చాలు. ఆమె చేతనే బుక్ చేయించడానికి నాలుగు సాయంత్రాలు పడుతుంది. వలస బండి ఎక్కేలోపు ఆ నాలుగు సాయంత్రాలు ఆమె కోసం కేటాయించడం అవసరం.